తొలితరం అనౌన్సర్ కొలువును రికార్డు చేసే పద్ధతి: వరంగల్, ఉత్తర తెలంగాణ ఇళ్లకు

రేడియోలో పాటలు మిగిలాయి, కొన్ని నాటకాలు మిగిలాయి, పెద్దవాళ్ల ప్రసంగాలు మిగిలాయి. వాటిని మన చెవికి అందించిన గొంతు మాత్రం చాలావరకు పోయింది. అనౌన్స్‌మెంట్ అప్పటికప్పుడు మైకు ముందు చెప్పేది. టేపు ఖరీదు గనుక స్టేషన్లలో మామూలు కార్యక్రమాల టేపులనే చెరిపి మళ్లీ వాడేవారు. ఇక రెండు పాటల నడుమ మాటను ఎవరు దాచిపెడతారు? ఏళ్ల తరబడి ఊరూరా విన్న మనిషి గొంతు ఇవాళ సొంత ఇంట్లో పది నిమిషాలు కూడా దొరకకపోవడానికి కారణం ఇదే.

కాబట్టి హనుమకొండలోనో కరీంనగర్‌లోనో మీ ఇంట్లో అలాంటి పెద్దమనిషి ఉంటే, ఎక్కడో ఆర్కైవ్‌లో టేపు ఉంటుందిలే అని కూర్చోవద్దు. కాగితాలు ముందు తీయాలి, ఇంట్లో ఉన్న క్యాసెట్లను కాపాడాలి, మనిషి మాట్లాడగలిగితే ఆ గొంతును ఇప్పుడే పట్టుకోవాలి. మనిషికి ఎనభై దాటితే ఈ వరుసను తిరగేసి మాటలతోనే మొదలుపెట్టండి. కాగితాలు ఇంకో ఏడాది ఆగుతాయి.

ముందు కాలాన్ని సరిగ్గా పరుచుకోండి

ఒక పెద్ద తెల్లకాగితం మీద అడ్డంగా గీత గీసి, మనిషి కొలువు ఏ కేంద్రం నీడలో నడిచిందో గుర్తులు పెట్టుకోవాలి. ఈ తేదీలు పునాదిగా ఉంటాయి.

హైదరాబాద్‌లో దక్కన్ రేడియోను నిజాం ప్రభుత్వం 1935లో చేతిలోకి తీసుకుంది. ఉర్దూతో పాటు తెలుగు, మరాఠీ, కన్నడ కార్యక్రమాలు ఉండేవి. 1950 ఏప్రిల్ 1న అది ఆలిండియా రేడియోలో కలిసింది. తెలుగు ప్రసారాలకు మరో పాయ మద్రాసు: అక్కడ కేంద్రం 1938 జూన్ 16న మొదలైంది. విజయవాడ 1948 డిసెంబర్ 1న వచ్చింది. వివిధ భారతి 1957 అక్టోబర్‌లో మొదలైంది. వరంగల్, నిజామాబాద్, ఆదిలాబాద్, కొత్తగూడెం స్థానిక కేంద్రాలు 1980ల రెండో సగంలోనూ ఆ తర్వాతా వచ్చినవి.

ఈ చివరి మాట చాలా ముఖ్యం. "మా బాపు 1972లో వరంగల్ రేడియో స్టేషన్ల చేసిండు" అని ఇంట్లో అందరూ నమ్మకంగా చెప్పినా, అప్పటికి వరంగల్‌లో స్టేషన్ లేదు. హైదరాబాద్ కేంద్రంలో పనిచేసి సెలవుల్లో వరంగల్ వచ్చి ఉండొచ్చు. హైదరాబాద్ బృందం ఇక్కడికి వచ్చి రికార్డు చేసుకున్న కార్యక్రమంలో మాట్లాడి ఉండొచ్చు. ఏది నిజమో కాగితం చెప్తుంది. ఇంట్లో వాళ్లను కాదని గొడవ పడే పని లేదు. "వరంగల్" పక్కన ప్రశ్న గుర్తు పెట్టి ముందుకు పోండి.

కాగితాలు: ఏవి వెతకాలి, వాటికి తేదీ ఎట్లా కట్టాలి

బీరువాలో, సజ్జ మీద, పాత ట్రంకు పెట్టెలో వెతకాల్సినవి: ఆడిషన్‌కు పిలిచిన ఉత్తరం, స్టాఫ్ ఆర్టిస్ట్ కాంట్రాక్టు, క్యాజువల్ అనౌన్సర్‌గా ఇచ్చిన బుకింగ్ కాగితాలు, డ్యూటీ చార్టులు, క్యూ షీట్లు, బదిలీ ఉత్తర్వులు, శ్రోతల ఉత్తరాలు. మనవాళ్లు ఎక్కువగా పారేసేది క్యూ షీట్లనే, చూడటానికి చిత్తు కాగితంలా ఉంటాయి కాబట్టి. నిజానికి ఇంతకు మించిన ఆధారం లేదు. ఏ రోజు, ఏ ప్రసారం, ఎన్ని గంటల ఎన్ని నిమిషాలకు ఏం పోయింది, అనౌన్సర్ ఏం చెప్పాలి, ఏ రికార్డు ఏ వైపు వేయాలి అన్నీ అందులోనే ఉంటాయి. మార్జిన్‌లో పెన్సిల్‌తో రాసుకున్న గీతలను కూడా వదలొద్దు. ఊపిరి ఎక్కడ తీసుకోవాలో, ఏ పేరు ఎట్లా పలకాలో అనౌన్సర్ రాసుకున్న గుర్తులు అవి.

ఆకాశవాణిలో చాలాకాలం అనౌన్సర్లను స్టాఫ్ ఆర్టిస్టులుగా కాంట్రాక్టు మీద తీసుకున్నారు. ఇచ్చేదాన్ని జీతం అనకుండా ఫీజు అన్నారు. అందుకే సర్వీసు రిజిస్టరు కోసం వెతికి దొరకలేదని నిరాశపడొద్దు. కాంట్రాక్టు కాగితాలు వరుసగా పెడితే అవే సర్వీసు చరిత్ర. రెండు కాంట్రాక్టుల మధ్య ఖాళీ కనబడితే, ఆ కాలంలో ఏం చేశారో మాటల్లో అడగాల్సిన ప్రశ్నగా రాసిపెట్టుకోండి.

తేదీ లేని కాగితాలకు తేదీ కట్టే ఆనవాళ్లు కొన్ని:

- చిరునామాలో ఆరంకెల పిన్ కోడ్ ఉంటే అది 1972 ఆగస్టు 15 తర్వాతిది. లేకపోతే అంతకుముందుదే అనుకోవద్దు. పల్లెల నుంచి రాసేవాళ్లు చాలా ఏళ్లు పిన్ రాయలేదు.
- "నయా పైసలు" అని ఉంటే 1957 ఏప్రిల్, 1964 జూన్ మధ్యది.
- మీడియం వేవ్ ఫ్రీక్వెన్సీ రాసి ఉంటే 9తో భాగించి చూడండి. 1978 నవంబర్ 23 నుంచి మన దేశంలో మీడియం వేవ్ స్టేషన్లు 9 కిలోహెర్ట్జ్ ఎడంతో సర్దుకున్నాయి. హైదరాబాద్ 738, విజయవాడ 837: రెండూ 9తో తెగుతాయి. సున్నాతో ముగిసి, 9తో తెగని అంకె కనబడితే సాధారణంగా అంతకుముందు కాగితం.
- మీటర్లలో రాసి ఉంటే 3,00,000ను ఆ అంకెతో భాగిస్తే కిలోహెర్ట్జ్ వస్తుంది. 406 మీటర్లు అంటే దాదాపు 738.

దక్కన్ రేడియో కాలం కాగితాలు ఉర్దూలో ఉంటాయి, ఏడాది ఫస్లీలో, అంటే నిజాం సర్కారు వాడిన క్యాలెండర్‌లో ఉంటుంది. ఫస్లీకి 590 కలిపితే మన ఏడాది వస్తుంది. నిజాం రాజ్యంలో చివరి దశాబ్దాల్లో ఫస్లీ సంవత్సరం ఆజూర్ నెలతో, అంటే అక్టోబర్‌లో మొదలయ్యేది గనుక జనవరి నుంచి సెప్టెంబర్ దాకా పడే నెలలకు 591 కలపాలి. 1357 ఫస్లీ అంటే 1947 అక్టోబర్ నుంచి 1948 సెప్టెంబర్ దాకా అన్నమాట. రూపాయలు హాలీ సిక్కాలో, అంటే నిజాం రాజ్యపు సొంత నాణెంలో ఉండొచ్చు. ఏడు హాలీ రూపాయలకు ఆరు బ్రిటిష్ ఇండియా రూపాయల లెక్క. ఉర్దూ మీడియంలో చదివిన పెద్దలు మన జిల్లాల్లో ఇంకా ఉన్నారు. ఫోటో తీసి వాట్సాప్‌లో పంపితే ఒక్క పూటలో చదివిపెడతారు. అయితే అంకెలను విడిగా ఒకసారి అడగండి. ఉర్దూ చేతిరాతలో 2, 3 తేలిగ్గా తారుమారవుతాయి.

స్కానింగ్‌కు టైపు కాగితమైతే 300 డీపీఐ, ఫోటోలైతే 600. ఫోన్‌తో తీస్తే పొద్దున కిటికీ పక్కన, ఫ్లాష్ ఆపి, కాగితానికి సరిగ్గా పైనుంచి తీయండి. వెనక వైపు ఖాళీగా ఉన్నా తీయాలి. స్టేషన్ ముద్ర, తేదీ ముద్ర వెనకాలే పడుతుంటాయి. తుప్పు పట్టిన గుండుసూదులు తీసేయండి. లామినేషన్, సెల్లో టేపు రెండూ వద్దు. ఫైలు పేరు తేదీతో మొదలవ్వాలి: 1979-06-14_క్యూషీట్_హైదరాబాద్_01. తేదీ తెలియకపోతే 1979-00-00 అని పెట్టండి, ఊహించి నింపొద్దు.

ఇంట్లో దొరకని వాటికి ఆకాశవాణి పత్రికలు చూడాలి. తెలుగు కార్యక్రమాల వివరాలు 'వాణి' పత్రికలో వచ్చేవి. ఇంగ్లిష్‌లో 'ది ఇండియన్ లిజనర్', 1958 నుంచి అదే 'ఆకాశవాణి' పేరుతో. 'ది ఇండియన్ లిజనర్' పాత సంచికలు చాలా ఇంటర్నెట్ ఆర్కైవ్‌లో ఉచితంగా చదువుకోవచ్చు. హనుమకొండలో 1904 నుంచి ఉన్న రాజరాజ నరేంద్రాంధ్ర భాషా నిలయం లాంటి పాత గ్రంథాలయాల్లో పాత పత్రికల కట్టలు అడిగి చూడండి. వాటిలో అనౌన్సర్ పేరు ఉంటుందని ఆశపడొద్దు, ఉండేది కార్యక్రమం, వేళ. మీ క్యూ షీటు మీది తేదీ సరైనదో కాదో తేల్చుకోవడానికే అవి.

టేపులు: తొందరపడితే ఇక్కడే నష్టం

ఇళ్లలో దొరికేవి రెండు రకాలు: పావు అంగుళం వెడల్పు స్పూల్ టేపు, మామూలు క్యాసెట్. దొరకగానే ప్లేయర్‌లో వేసి వినాలనిపిస్తుంది. ఆగండి. పాత టేపు ఒక్కోసారి ఒక్కసారే ఆడుతుంది. ఆ ఒక్కసారి రికార్డు అవుతూ ఆడాలి.

మొదట చూపు. క్యాసెట్ వెనక పైఅంచున ఉన్న రెండు చిన్న ప్లాస్టిక్ రెక్కలు విరిచేయండి, పొరపాటున రికార్డు బటన్ నొక్కినా చెరగదు. కిటికీలోంచి టేపు చుట్ట అంచును చూడండి. తెల్లని పొడి, సాలెగూడు లాంటి మచ్చలు ఉంటే బూజు. దాన్ని ఆడిస్తే ఆ పొడి హెడ్‌కు (యంత్రంలో టేపును చదివే భాగం), అక్కడినుంచి తర్వాతి క్యాసెట్లకు అంటుకుంటుంది. దాన్ని వేరే సంచిలో పెట్టి పక్కన పెట్టండి, ముక్కుకు మాస్కు లేకుండా తెరవొద్దు. స్పూల్ నుంచి పుల్లటి వెనిగర్ వాసన వస్తే అది అసిటేట్ టేపు, చెడిపోతోంది. వెలుతురుకు ఎదురుగా పెట్టి చుట్ట పక్కనుంచి చూస్తే అసిటేట్‌లోంచి వెలుగు కనబడుతుంది, పాలియెస్టర్‌లోంచి కనబడదు. అసిటేట్ టక్కున తెగుతుంది, శుభ్రంగా అతుకుతుంది. పాలియెస్టర్ తెగకుండా సాగుతుంది, సాగిన చోట మాట మళ్లీ రాదు. అందుకే పాలియెస్టర్ మీద ఫాస్ట్ ఫార్వర్డ్ నొక్కి ఒక్కసారిగా ఆపొద్దు.

క్యాసెట్లో మాట దూరంగా, మందంగా వినిపిస్తే చాలాసార్లు తప్పు టేపుది కాదు. లోపల హెడ్‌కు టేపును నొక్కే చిన్న స్పంజి ముక్క ఊడిపోయి ఉంటుంది. నాలుగు మూలలా స్క్రూలున్న ఖాళీ క్యాసెట్ తెచ్చి, పాతదాని చుట్టలను అందులోకి మార్చండి. అతుకు వేయాల్సి వస్తే స్ప్లైసింగ్ టేపు మాత్రమే వాడాలి. సెల్లో టేపు జిగురు వేసవిలో కారి పక్క చుట్టకు అంటుకుంటుంది.

తర్వాత యంత్రం. టేప్ రికార్డర్ కంటే క్యాసెట్ డెక్ మంచిది. హెడ్‌ను 99 శాతం ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌లో తడిపిన దూదిపుల్లతో తుడవండి. రబ్బరు రోలర్‌కు ఆల్కహాల్ వద్దు, గట్టిపడుతుంది. సబ్బునీళ్ల తడిగుడ్డ చాలు. ప్రతి టేపుకు ముందు ఇదే పని. టేపు గోధుమరంగు జిగురు వదులుతూ కీచుమంటే వెంటనే ఆపేయండి. 1970, 80ల నాటి కొన్ని టేపుల్లో గాలిలోని తేమ తాగి పూత మెత్తబడుతుంది. దానికి వేడిచేసే చికిత్స ఉంది గానీ అది అనుభవజ్ఞుల పని, ఇంటి ఓవెన్‌లో చేయొద్దు.

హెడ్ పక్కన చిన్న స్క్రూ ఉంటుంది. దాన్ని కొంచెం కొంచెం తిప్పుతూ "స", "ష" అక్షరాలు ఎక్కడ పదునుగా వినిపిస్తాయో అక్కడ ఆపాలి. ఒక్కో టేపుకు ఈ కోణం మారుతుంది. నిమిషం పని, ఫలితం మాత్రం మరే సాఫ్ట్‌వేరూ ఇవ్వలేనిది. రికార్డు చేసినప్పుడు డాల్బీ (టేపు గరగర తగ్గించే ఏర్పాటు) వాడారని పెట్టె మీద రాసి ఉంటే తప్ప డాల్బీ ఆపేయండి.

డెక్ లైన్ ఔట్ నుంచి యూఎస్‌బీ ఆడియో ఇంటర్‌ఫేస్‌కు, అక్కడినుంచి కంప్యూటర్‌లో ఆడాసిటీ అనే రికార్డింగ్ సాఫ్ట్‌వేరుకు. ల్యాప్‌టాప్ మైకు రంధ్రంలో గుచ్చొద్దు, మాట పగిలిపోతుంది. 48 కిలోహెర్ట్జ్, 24 బిట్, వేవ్ ఫైలు. అత్యంత పెద్ద శబ్దం మైనస్ 6 డెసిబెల్ దాటకుండా చూడండి. మోనోలో గంటకు దాదాపు 520 మెగాబైట్లు పడుతుంది. సీ-60 క్యాసెట్ ఒక్కో వైపు అరగంట, సీ-90 ముప్పావుగంట. సీ-120 టేపు బాగా పల్చన, దాన్ని ముందుకూ వెనక్కూ తిప్పకుండా ఒకే దమ్ములో ఎక్కించండి.

స్పూల్ అయితే వేగం తెలుసుకోవాలి. స్టేషన్ నుంచి వచ్చినవి ఎక్కువగా సెకనుకు 19 సెంటీమీటర్లు; ఇంటి యంత్రాలవి 9.5 లేదా 4.75. ఏడంగుళాల చుట్టలో 1,200 అడుగుల టేపు 19 వేగంలో అరగంట పైచిలుకు వస్తుంది. ఒక మాట ముందుకు, ఇంకో మాట వెనక్కి కలిసి వినిపిస్తే అది రెండు వైపులా రికార్డు చేసిన టేపు. స్టీరియోలో ఎక్కించి, తర్వాత ఎడమ కుడి ఛానెళ్లు విడదీసి, వెనక్కి ఉన్నదాన్ని తిరగేసుకోవచ్చు.

వేగం సరిగ్గా ఉందో లేదో తేల్చడానికి ఒక మంచి కిటుకు ఉంది. పాత రికార్డింగుల్లో కరెంటు హమ్ ఉంటుంది, అది 50 హెర్ట్జ్. ఆడాసిటీలో స్పెక్ట్రమ్ చూస్తే 52 దగ్గర శిఖరం కనబడితే టేపు 4 శాతం వేగంగా ఆడుతోందని అర్థం. మీ సొంత యంత్రం హమ్ కూడా 50 దగ్గరే ఉంటుంది గనుక టేపు ఆపి ఒకసారి చూసి తేడా పట్టండి. ఈ 4 శాతం చిన్నది కాదు. అనౌన్సర్ గొంతు వయసే మారిపోతుంది.

ఎక్కించిన మొదటి ఫైలును ఏ మార్పూ చేయకుండా దాచాలి. గరగర తీసేసే ఫిల్టర్లు నకలు మీద మాత్రమే వాడండి. ఆ ఫిల్టర్లు ముందు తినేది ఒత్తులనే: ఖ, థ, ధ, భ. "ప్రధాన" "ప్రదాన" అయిపోతుంది. ఉచ్చారణ కోసమే ఆ కొలువుకు ఎంపికైన మనిషికి అది అన్యాయం. గరగర ఉన్నా సరే, ఒత్తు ఉండాలి.

మన దగ్గర ఏప్రిల్, మే ఎండలకు స్లాబు కింది సజ్జ పొయ్యిలా కాలుతుంది. టేపులను కిందిగదిలో, లోపలి గోడ బీరువాలో నిలువుగా పెట్టండి. వాటి పెట్టెలో కలరా ఉండలు వేయొద్దు, ఆ ఆవిరి ప్లాస్టిక్‌కు మంచిది కాదు. సిలికా జెల్ పొట్లాలు పెట్టి వానాకాలంలో మార్చుకోండి.

మాటలు రికార్డు చేయడం

పొద్దున పదింటికి మొదలుపెట్టి నలభై ఐదు నిమిషాలు మించకుండా ఆపండి. ఫ్యాను, కూలర్, ఫ్రిజ్ ఆపాలి. ఫోన్‌తోనే అయినా పర్వాలేదు, ఫ్లైట్ మోడ్‌లో పెట్టి నోటికి జానెడు దూరంలో కొంచెం పక్కగా ఉంచండి. మొదట ముప్పై సెకన్లు ఎవరూ మాట్లాడకుండా గది శబ్దం రికార్డు చేయండి. తర్వాత తేదీ, ఊరు, పేరు, "ఇది రికార్డు చేసుకోవడానికి మీ అనుమతి ఉందా సార్" అన్న ప్రశ్న, వారి జవాబు. ఈ జవాబు గొంతులోనే ఉండాలి.

"ఏ సంవత్సరంలో చేరారు?" అని అడిగితే సరైన జవాబు రాదు. ఒక డ్యూటీని మొదటినుంచి చివరిదాకా నడిపించమనండి. పొద్దున ప్రసారానికి ఇంటినుంచి ఎన్నింటికి బయల్దేరేవారు, ఎట్లా పోయేవారు? స్టూడియోలోకి పోగానే మొదట చేతిలోకి తీసుకునేది ఏమిటి? సిగ్నేచర్ ట్యూన్ అయ్యాక మొదటి మాట ఏది? గ్రామఫోన్ ప్లేటు మీద ముల్లు ఎక్కడ పెట్టి ఆపి ఉంచేవారు? పాట మధ్యలో ముల్లు ఇరుక్కుంటే ఏం చేసేవారు? ప్రసంగం రెండు నిమిషాలు ముందే అయిపోతే ఏ వాద్యసంగీతం వేసేవారు? ఢిల్లీ వార్తలు కలపాల్సిన సెకనుకు లైను రాకపోతే? పెద్దవాళ్ల చేతులు ఇవి మరిచిపోవు. ఈ జవాబుల్లోంచే పనితనం బయటికొస్తుంది.

ఏడాది కావాలంటే అందరికీ యాదున్న సంగతుల పక్కన పెట్టి అడగండి. 1964 మే 27న నెహ్రూ పోయిన రోజు, 1969 ఉద్యమం, 1977 నవంబర్ 19 దివిసీమ ఉప్పెన, 1984 అక్టోబర్ 31న ఇందిరాగాంధీ హత్య, 1986 ఆగస్టు గోదావరి వరద: ఆ రోజు డ్యూటీలో ఉన్నారా, ఏ కార్యక్రమాలు ఆపారు, సంతాప సంగీతం ఎన్ని రోజులు నడిచింది? సంగతికి ముందా తర్వాతా అన్నది తేలితే ఏడాది దానంతటదే తేలుతుంది.

అన్నిటికంటే విలువైన పని చివరి విడత రికార్డింగులో. ఇంట్లో దొరికిన పాత క్యూ షీటు చేతికిచ్చి, అప్పటిలాగే చదవమనండి. "ఆకాశవాణి, హైదరాబాద్ కేంద్రం" దగ్గర మొదలుపెట్టి కార్యక్రమాల వివరాలు, వేళ, ముగింపు దాకా. ఒకసారి చాలదు, మూడుసార్లు తీసుకోండి. మూడోసారికి పాత లయ వస్తుంది. పళ్లు పోయిన నోటితో పలుకు మారినా విరుపు, ఊపిరి, వేగం అవే ఉంటాయి. దీన్ని "పునఃపఠనం" అని, చదివిన తేదీతో ఫైలు మీద స్పష్టంగా రాయండి. పాత ప్రసారంగా ఎవరూ పొరబడకూడదు.

ఇంట్లో వరంగల్ యాస, మైకు ముందు గ్రాంథికానికి దగ్గరి శిష్టభాష: ఈ రెండింటి మధ్య ఎట్లా తిరిగారో తప్పకుండా అడగండి. నేర్పినవాళ్లు ఎవరు, దిద్దినవాళ్లు ఎవరు, ఏ మాటల దగ్గర మందలింపు పడింది? మన జిల్లాల నుంచి పోయిన అనౌన్సర్ల కొలువులో ఇది సగం కథ. రాసేటప్పుడు వారి మాటను వారి యాసలోనే రాయండి, దిద్దొద్దు.

టీవీలో చేసినవాళ్లకు

1975 ఆగస్టు నుంచి ఏడాదిపాటు సైట్ ఉపగ్రహ ప్రయోగంలో తెలుగు కార్యక్రమాలు పల్లెలకు వెళ్లాయి. హైదరాబాద్ దూరదర్శన్ 1977 అక్టోబర్ 23న మొదలైంది. తెలుగు వార్తలు 1983 నవంబర్ 14న, చదివింది శాంతి స్వరూప్. అంటే నడుమ ఆరేళ్లు తెర మీద అనౌన్సర్లు ఉన్నారు, వార్తలు లేవు. "టీవీలో మొదటి తెలుగు మనిషి" అని ఎవరి గురించైనా రాసేముందు ఈ తేడా చూసుకోండి. ఏ కేంద్రంలో, ఏ పనిలో, ఉద్యోగిగానా క్యాజువల్‌గానా అన్న మూడూ తేలకుండా "మొదటి" అన్న మాట రాయొద్దు.

అడగాల్సినవి వేరు. టెలిప్రాంప్టర్ లేని రోజుల్లో కాగితం చూస్తూ కెమెరాను ఎట్లా చూశారు? బ్లాక్ అండ్ వైట్‌లో ఏ రంగు చీర వద్దనేవారు? సన్న గీతలున్న బట్ట తెర మీద మిలమిలలాడుతుంది, అచ్చ తెలుపు మొహాన్ని నల్లబరుస్తుంది. దీనికి వారు చూసుకున్న ఉపాయాలు రాసుకోండి. "అంతరాయానికి చింతిస్తున్నాం" పలక ఎవరు పెట్టేవారు, ఆ సమయంలో అనౌన్సర్ ఏం చేసేవారు? వీడియో ఉంటే చాలావరకు ఇంటి వీహెచ్‌ఎస్‌లోనే ఉంటుంది. దాని హెడ్ తిరిగే డ్రమ్ము, దూదిపుల్ల పెడితే విరుగుతుంది. తెలిసిన మెకానిక్ చేత శుభ్రం చేయించాకే క్యాసెట్ వేయండి.

దాచడం, పంచడం

మూడు నకళ్లు: ఒకటి ఇంట్లో హార్డ్ డిస్కులో, ఒకటి వేరే ఊరిలో ఉన్న చుట్టాల దగ్గర, ఒకటి క్లౌడ్‌లో. స్టేషన్ దగ్గర ఇంకేమైనా ఉందేమో తెలుసుకోవడానికి సమాచార హక్కు కింద ప్రసార భారతికి దరఖాస్తు పెట్టొచ్చు. ఫీజు 10 రూపాయలు, జవాబుకు 30 రోజుల గడువు. "మా తాతగారి వివరాలన్నీ ఇవ్వండి" అని రాస్తే పని జరగదు. కేంద్రం పేరు, ఏళ్లు, హోదా, కావలసిన కాగితం పేరు రాయండి.

ఇంటర్నెట్‌లో పెట్టేముందు హక్కులు చూసుకోవాలి. ప్రసారం మీద ప్రసార సంస్థకుండే హక్కు, ప్రసారమైన మరుసటి ఏడాది మొదలు నుంచి 25 ఏళ్లు. కానీ అదే టేపులో సినిమా పాట ఉంటే దానికి వేరే హక్కుదారులు, నాటిక ఉంటే రచయిత, నటులు వేరు. బయట పెట్టే నకలులో పాటలు కత్తిరించి అనౌన్స్‌మెంట్లు మాత్రం ఉంచితే చిక్కు చాలావరకు తగ్గుతుంది. శ్రోతల ఉత్తరాల మీది పేర్లు, చిరునామాలు మాత్రం కప్పేయాలి.